డోళ్లు ఆగకుండా మ్రోగించినవాడు

పిల్లలూ, ఊరేగింపుల్లో పాటలు వేసే డీజేను మీరు చూచే ఉంటారు. తొలిసారి ఆ పనికి దిగేవాడు ఏమి సిద్ధం చేసుకోవాలి?

1973 ఆగస్టు 11న న్యూయార్కులో సిండీ అనే అమ్మాయి, బడికి కొత్తబట్టలు కొనుక్కోవాలని తమ మేడలోనే ఆటాపాటా ఏర్పాటు చేసింది. ప్రవేశం ఆడపిల్లలకు 25 సెంట్లు. మగపిల్లలకు రెట్టింపు, పాపం! పాటలు వేసేది ఆమె అన్న, 18 ఏళ్ల క్లైవ్ కాంప్‌బెల్.

అతడు తండ్రి కొన్న స్పీకర్ల తీగలు మార్చి కలిపి, మోత పెంచుకున్నాడు. అంతకంటె ముఖ్యం, ఆడేవాళ్లను గమనించాడు. గొంతులు ఆగి, డోళ్లు మాత్రమే మ్రోగే ముక్క రాగానే వాళ్లకు హుషారు! కాని అది ఇట్టే అయిపోతుంది. అందుకని పోనుపోను ఒకే రికార్డు రెండేసి పెట్టుకున్నాడు. ఒకదానిలో ఆ ముక్క ముగియగానే రెండోదానిలో మళ్లీ అదే. ఈలోగా మొదటిదాని ముల్లు వెనక్కు. హిప్‌హాప్ సంగీతానికి ఇదే పునాది.

ముల్లును సరిగా ఆ గీతమీదనే దించాలంటే, ముందుగా రికార్డును ఎన్నిసార్లు విని ఉండాలో!