పాట ఎవరిది?

రేడియోలో పాట వినిపించునపుడు రచన ఫలానావారు, సంగీతము ఫలానావారు, గానము ఫలానావారు అని చెప్పుట శ్రోతలకు చిరపరిచితమే. అది కేవలము మర్యాద యని పలువురు తలచెదరు. 1957 నాటి కాపీరైటు చట్టమునకు 2012లో జరిగిన సవరణవలన, ఆ చట్టమిచ్చు లైసెన్సుపై రికార్డులు ప్రసారము చేయు కేంద్రమునకు ఆ ప్రకటన విధి కూడ. పేచీ యంతయు ఆ మూడు పేర్ల నడుమనే యున్నది.

2017 మార్చిలో శ్రీ ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యముగారు తమ యేబదియేండ్ల సినీగానమును పురస్కరించుకొని అమెరికాలో కచేరీలు చేయుచుండిరి. తమ అనుమతి లేక తాము స్వరపరచిన పాటలను వేదికలపై పాడరాదని శ్రీ ఇళయరాజాగారి న్యాయవాది నోటీసు పంపెను. అది శ్రీమతి చిత్రగారికిని, బాలుగారి కుమారుడు చరణ్‌గారికిని కూడ అందినది. బాలుగారు వాదమునకు దిగక, ఆ పాటలను పక్కనబెట్టి తక్కినవి పాడిరి. తాను పాడిన పాటను తానే పాడరాదా యని తెలుగిండ్లలో పలువురు నొచ్చుకొనిరి.

నొచ్చుకొనుట సహజమే, కాని చట్టము వేరుగా చూచును. ‘రుద్రవీణ’నే తీసికొందము. మాట సీతారామశాస్త్రిగారిది, బాణీ ఇళయరాజాగారిది, గళము బాలుగారిది. ఆ చిత్రమునకే సంగీతమునకు ఒకరికిని, గానమునకు ఒకరికిని జాతీయ పురస్కారములు వచ్చినవి. చట్టము దృష్టిలో సాహిత్యమొక హక్కు, బాణీ మరొక హక్కు, రికార్డు వేరొక హక్కు. గాయకునికి తాను పాడిన ఆ గానముపైననే హక్కు గలదు, పాటపైన లేదు. కావున వేదికపై పాడుటకు అనుమతి యవసరమే. అది ఎవరి నడుగవలెననునదే చిక్కు. ప్రతిఫలమిచ్చి చిత్రమునకు వ్రాయించుకొన్నచో, వేరు ఒప్పందము లేనియెడల, నిర్మాతయే తొలి హక్కుదారుడని 1977లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. గాయకునికి ఏమియు దక్కకపోవుటను జస్టిస్ కృష్ణయ్యరు ఆ తీర్పులోనే ఎత్తిచూపిరి. గాయకులకు ప్రదర్శన హక్కు లభించుటకు 1994 వరకు ఆగవలసివచ్చినది. హక్కులు నిర్మాతకు వ్రాసియిచ్చినను, సినిమాహాలు వెలుపలి వాడుకపై కవికి, సంగీతకర్తకు రావలసిన రాయల్టీ వాటా పోదని 2012 సవరణ చెప్పినది.

పాశ్చాత్యులకును ఈ తగవు తప్పలేదు. సైకడెలిక్ రాక్ వెల్లువ నాటి ప్రోకల్ హారమ్ బృందము 1967లో వెలువరించిన ‘ఎ వైటర్ షేడ్ ఆఫ్ పేల్’ పాటలోని ఆర్గన్ వరుస తన కల్పన యని మాథ్యూ ఫిషర్ దాదాపు నాలుగు దశాబ్దముల పిదప కోర్టుకెక్కెను. 2009లో ప్రభువుల సభ ఆయనకు సంగీతపు హక్కులో నూటికి 40 వంతులు ఖాయపరచినది. ఆలస్యము హక్కును చంపదని దాని భావము.

ఇచట 2019లో ఇళయరాజాగారును బాలుగారును చెన్నైలో మరల ఒకే వేదిక నెక్కిరి. 2020 సెప్టెంబరు 25న బాలుగారు దివంగతులైరి. రామానాయుడు స్టూడియో వెలసిన నానక్‌రామ్‌గూడలో ఇప్పుడు కంప్యూటరు సంస్థల సౌధములు నిలిచియున్నవి. గళమును యంత్రముచే పుట్టించు విద్యయు వచ్చినది. 2023లో వచ్చిన ‘కీడా కోలా’ చిత్రములో బాలుగారి గళమును అట్లు అనుమతి లేక వాడిరని ఆరోపించుచు 2024లో నిర్మాతలకు నోటీసు వెళ్ళినది. పంపినవారు చరణ్‌గారు.