ఒక్క మెతుకు పట్టి చూస్తే

మా మనవరాలు డిగ్రీ రెండో ఏడు, స్టాటిస్టిక్స్. మొన్న ఆదివారం నా ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని వసారాలో కూర్చుని ఒకటే గొణుగుడు. కాలేజీ ల్యాబ్‌లో బంగారంలా నడిచిన ప్రోగ్రాము ఇక్కడ మొరాయించిందట. "నీ కంప్యూటర్ పాడైపోయింది తాతయ్యా" అని తీర్పు కూడా చెప్పేసింది.

"పాడైంది కంప్యూటరో ప్రోగ్రామో చూద్దాం, ఇలా పట్రా" అన్నాను.

ఆర్ భాషలో నాలుగే నాలుగు వరుసలు. వాళ్ల క్లాసులో 40 మంది టెస్టు మార్కులున్నాయి. 40కి తగ్గకపోతే 'పాస్', తగ్గితే 'ఫెయిల్' అని పక్క గడిలో రాయమని ఇఫ్‌కి పురమాయించింది.

"ల్యాబ్‌లో ఏమొచ్చింది?"

"అందరూ పాస్."

"నలభై మందీనా?"

"ఊఁ. ఏదో వార్నింగ్ వచ్చిందిలే. ఎర్రర్ కాదుగా!"

ఆ 'లే' వింటేనే నాకు ఒళ్లు మండుతుంది. ఆ వార్నింగ్ ఏమందో చదివితే కదా! షరతులో ఒకటి కంటే ఎక్కువ ఉన్నాయి, మొదటిదాన్నే వాడుకుంటాను అంది. అంటే ఇఫ్‌గారు తొలి రోల్ నంబరు మార్కులు చూశారు, 71. పాస్ అనేశారు. తక్కిన 39 మంది ముఖం కూడా చూడలేదు. పొడవు చాలకపోతే ఉన్నదాన్నే తిప్పి తిప్పి వాడుకోవడం ఆర్‌కి అలవాటు. గడులు నలభై ఉన్నాయి కదా అని ఆ ఒక్క 'పాస్'నే అన్నిట్లోనూ దించేసింది.

"అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలదా?" అంది గడుసుగా.

చాలు. ఒకే గిన్నెలో, ఒకే మంట మీద ఉడికిన అన్నం కాబట్టి చాలు. పైగా మీ అమ్మమ్మ గరిటెతో కలిపి మరీ పడుతుంది ఆ మెతుకు. అదే మామిడిపళ్ల గంపలో పైపండు ఒక్కటే నొక్కి చూసి గంపంతా బేరమాడతావా? పైన ఏ పండు పెట్టాలో అమ్మేవాడికి తెలీదూ!

అసలు ఇఫ్ పనే అది కాదు. ప్రోగ్రాము నడుస్తూ నడుస్తూ దారి రెండుగా చీలిన చోట నిలబడి, 'ఇటా, అటా?' అని అడుగుతుంది. ఒకేసారి రెండు దారుల్లోనూ పోలేం కనక దానికి ఒక్క అవునో, ఒక్క కాదో కావాలి. నువ్వేమో నలభై జవాబులు కుప్పగా పోశావు. ఆర్‌లో ఒంటరి సంఖ్యంటూ లేదు మరి. ఒక్క 7 రాసినా, అది ఒకే అంకె ఉన్న వరుస. అందుకే వరుస ఎక్కడ పడితే అక్కడ దూరిపోతుంది.

ఈ ఆర్‌ని న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ మొదలుపెట్టారు. ఇద్దరి పేర్లూ ఆర్‌తోనే. 1.0.0 వెర్షన్ 2000 ఫిబ్రవరి 29న వచ్చింది. ఏళ్ల తరబడి ఇఫ్ ఇలా గొణిగి ఊరుకునేది. 2022 ఏప్రిల్‌లో వచ్చిన 4.2.0 నుంచి గొణగడం మానేసి, ఎర్రర్ ఇచ్చి ఆగిపోతోంది. మీ ల్యాబ్‌లో ఉన్నది అంతకు ముందుది. ఆర్ వాళ్లు మంచి పని చేశారు, కాస్త ఆలస్యంగానైనా.

నేనూ తిన్నాను దెబ్బ. ఒకప్పుడు రాసుకున్న ప్రోగ్రాములో 'దీని క్లాసు మ్యాట్రిక్సేనా?' అని ఇఫ్‌తో అడిగించాను. 2020లో 4.0.0 వచ్చాక మ్యాట్రిక్స్‌ని క్లాసు అడిగితే 'మ్యాట్రిక్స్', 'అర్రే' అని రెండు చెప్పడం మొదలెట్టింది. నేను అక్షరం మార్చలేదు, వార్నింగులు మాత్రం వరదలా వచ్చిపడ్డాయి. ఇన్‌హెరిట్స్ అనే ఫంక్షన్‌తో అడిగితే గొడవే లేదని తర్వాత తెలిసింది. అప్పట్నుంచి కొత్త ప్రోగ్రాము రాసేటప్పుడు వార్న్ ఆప్షన్ 2కి పెట్టుకుంటాను. ప్రతి వార్నింగూ ఎర్రరై కూర్చుంటుంది.

"సరేలే, ఇప్పుడేం చెయ్యను?"

నీకేం కావాలో ముందు తేల్చుకో. క్లాసులో ఒక్కరైనా ఫెయిలయ్యారా అన్నది కావాలంటే 'ఎనీ', అందరూ పాసేనా అంటే 'ఆల్'. అవి నలభై జవాబుల్ని ఒక్కటి చేసి ఇఫ్ చేతికిస్తాయి. ఇందులో ఒక తమాషా ఉంది. పరీక్షకి రానివాడి గడిలో ఎన్ఏ ఉంటుంది కదా, వాడు తప్ప అందరూ పాసైతే 'ఆల్' ఎన్ఏ అంటుంది, చెప్పలేనని. ఒక్కడు ఫెయిలైనా చాలు, ధీమాగా కాదనేస్తుంది. రానివాడి సంగతి ఎలా ఉన్నా జవాబు మారదు మరి! ఆ ఎన్ఏని ఇఫ్‌కి ఇచ్చావంటే మాత్రం మళ్లీ ఎర్రరే.

ఎవరి గడిలో వాళ్ల ఫలితం పడాలంటే 'ఇఫ్‌ఎల్స్'. పేర్లలో చుట్టరికమే గానీ పనులు వేరు. ఇది వరుసంతా నడిచి ఒక్కొక్కరికీ విడిగా జవాబిస్తుంది.

రాసింది. 31 పాస్, 8 ఫెయిల్, ఒక ఎన్ఏ.

"ఈ 17వ నంబరెవరే, పరీక్షకి రాలేదూ?"

తెర మీంచి కళ్లు తిప్పకుండా అంది, "నేనే. ఆ రోజు జ్వరం కదా."

"అయితే మీ ల్యాబ్ కంప్యూటర్ నిన్ను కూడా పాస్ చేసిందన్నమాట!"

"అందుకేగా దాన్ని నమ్మింది" అంటూ ల్యాప్‌టాప్ మూసేసింది.