గేటు కిందుగా దూరిపోయిన కారు

అమ్మడానికి కాక, చూపడానికే పుట్టిన కారు అది. చేతిపనిని నమ్ముకున్న ఒక సంస్థ తన ఆశలన్నీ దానిమీద పెట్టుకుంది.

ఇటలీలోని ట్యూరిన్ నగరంలో లాంచియా మోటారు కర్మాగారం ద్వారానికి ఒక అడ్డుకర్ర ఉండేది. వచ్చిన వాహనం ఆగాలి. కావలివాడు కర్ర ఎత్తాలి. ఆ తరువాతే ప్రవేశం. 1970 నాటి ట్యూరిన్ మోటారు ప్రదర్శన ముగిసిన కొంతకాలానికి ఆ ద్వారం ముందుకు ఒక వింత వాహనం వచ్చింది. దానిని స్వయంగా నడుపుతున్న పెద్దమనిషి నుచ్చియో బెర్తోనె. ఆయన ఆగలేదు. కర్ర ఎత్తవలసిన అవసరమూ కలగలేదు. కారు ఆ కర్ర కిందుగానే లోపలికి జారిపోయింది! చూస్తున్న కార్మికులు ఆనందంతో కేకలు వేశారని ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆ కారు ఎత్తు 84 సెంటీమీటర్లు. అంటే భోజనాల బల్లకంటె బెత్తెడు ఎక్కువ, అంతే. దాని పేరు స్ట్రాటోస్ జీరో. అది వట్టి గారడీ అనుకున్నవారు లేకపోలేదు. కాని ఆ గారడీ వెనుక ఒక వృత్తి బతుకుతెరువు ఉంది.

రేకుల పనివారు

ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాలలో కారు తరచు ఒకేచోట పూర్తయ్యేది కాదు. కర్మాగారం ఇంజను, చక్రాలు, చట్రం ఇచ్చేది. పైతొడుగును వేరే పనివారు కట్టేవారు. రేకును సుత్తితో సాగగొట్టి, కొయ్య అచ్చుకు సరిచూసి, వంపులు తీర్చే ఇలాంటి పనిశాలలు ట్యూరిన్‌లో ఎన్నో వెలిశాయి. నుచ్చియో తండ్రి జొవాన్ని బెర్తోనె 1912లో తెరిచిన పనిశాల వాటిలో ఒకటి.

కాలం మారింది. చట్రమూ పైతొడుగూ ఒకే కట్టడమై, యంత్రాలమీద వేల సంఖ్యలో తయారు కాసాగాయి. పాత పనిశాలలు అనేకం మూతపడ్డాయి. మిగిలినవారికి దిక్కు రెండే పనులు: పెద్ద కంపెనీలకు కొత్త రూపాలు కల్పించి ఇవ్వడం, తక్కువ సంఖ్యలో కావలసిన కార్లను కట్టిపెట్టడం. ఆ పనులు దొరకాలంటే ముందుగా తమ ప్రతిభ నలుగురి కంట పడాలి. ప్రదర్శనలలో నిలిపే అపూర్వమైన నమూనా కార్లు అందుకు పుట్టినవే.

1970లో బెర్తోనె కన్ను లాంచియా మీద పడింది. అంతవరకు లాంచియా పని చాలావరకు ప్రత్యర్థి పినిన్‌ఫరీనాకు దక్కుతూ వచ్చింది. 1969లో లాంచియా ఫియట్ వశమైంది. యజమాని మారిన ఇంట కొత్తవారికి చోటు దొరక్కపోదని బెర్తోనె ఆశ.

ఒకే గీత

ఆ కారును ఊహించినవాడు మార్చెల్లో గాండిని. 1938లో ట్యూరిన్‌లో, ఒక వాద్యబృంద నిర్దేశకుని ఇంట పుట్టాడు. 1965లో బెర్తోనె సంస్థలో చేరాడు. మరుసటి ఏడే లోకం చూసిన లంబోర్గిని మియూరా ఆయన చేతి చలవే. మియూరా రూపమంతా వంపులు, సొంపులు. అయితే వేగం హెచ్చేకొద్దీ దాని ముక్కు పైకి తేలిపోయేది. ఆ లోపానికి సమాధానంగా 1968లో గాండిని కారాబో అనే నమూనా గీశాడు. అది వంపులు విడిచి, చీలిక కొయ్యలాగ ముందు సన్నగా మొదలై వెనక్కు పోనుపోను ఎత్తు పెరిగింది.

స్ట్రాటోస్ జీరోలో ఆ ఊహ చివరి అంచుకు చేరింది. దాని పక్కన నిలబడి ముక్కు దగ్గర చూపు నిలపండి. కత్తి అంచులాంటి ఆ కొన నుంచి బయలుదేరిన గీత ఎక్కడా విరగకుండా అద్దం మీదుగా నడినెత్తికి పాకుతుంది. మూత ఎక్కడ ముగిసింది, అద్దం ఎక్కడ మొదలైంది అన్న ప్రశ్నే లేదు. ముందు దీపాలు గుండ్రని కళ్లవలె కాక, ఆ అంచునే సన్నని పట్టీగా ఒదిగాయి. వెనుక ఇంజనుమీద త్రికోణాకారపు మూత, చేప పొలుసుల్లా ఒకదానిపై ఒకటి పరిచిన రేకులు.

మరి తలుపులు? పక్కల ఎక్కడా లేవు. ముందు అద్దమే తలుపు! దానిని పైకి లేపి, ముక్కుమీద పరిచిన నల్లని రబ్బరు పట్టాపై కాలుంచి లోపలికి దిగాలి. అద్దంతోపాటు స్టీరింగు ముందుకు ఒరిగి దారి ఇస్తుంది. అద్దం మూయగానే తిరిగి చేతికి అందుతుంది. నడిపేవాడు కూర్చోడు, దాదాపు పడుకుంటాడు.

ఈ కారు నిత్యజీవితానికి పనికిరాదని వేరే చెప్పనక్కరలేదు. వెనుక వచ్చేది కనిపించదు. వానలో అద్దం తెరిస్తే ఒళ్లు తడవక తప్పదు. అయినా దీనిలో అలంకారంకోసం అతికించినది ఏదీ లేదు. ఎత్తు తగ్గాలన్న ఒకే నిర్ణయం నుంచి తలుపు, కుర్చీ, దీపం, స్టీరింగు అన్నీ పుట్టుకొచ్చాయి. తనకు ఆసక్తి పైపై సొగసులో కాదు, వాహనపు కట్టడంలోనే అని గాండిని చెప్పేవాడు. ఆ మాటకు ఈ కారే సాక్ష్యం.

ఊహ వీధికి దిగింది

అడ్డుకర్ర దాటిన సాహసం ఫలించింది. లాంచియా వారికి కొండదారుల పందాలలో గెలిచే కారు కావలసివచ్చింది. ఆ పని బెర్తోనెకు అప్పగించారు. 1971 ట్యూరిన్ ప్రదర్శనలో గాండిని గీసిన కొత్త స్ట్రాటోస్ కనిపించింది. దానికి మామూలు తలుపులు ఉన్నాయి, వెనుక ఫెరారి ఇంజను ఉంది. పొట్టి దేహమూ చీలిక రూపమూ మాత్రం జీరో వారసత్వమే. 1974, 1975, 1976 సంవత్సరాలలో వరుసగా మూడుసార్లు అది ప్రపంచ ర్యాలీ విజేత అయింది.

ఇటువంటి నమూనాల ఫలం సంపన్నులకే దక్కిందనుకోవడం పొరపాటు. 1993లో ట్యూరిన్ రూపశిల్పి జుజారో సంస్థ లుచ్చొలా అనే బుల్లి నమూనాను చూపింది. ఆ ఊహే డేవూ మాటిజ్‌గా మారి, 1990ల చివర భారతీయ మధ్యతరగతి ఇళ్ల ముంగిట నిలిచింది.

కాలం ఎవరినీ ఉపేక్షించదు. నుచ్చియో బెర్తోనె 1997లో కన్నుమూశారు. కష్టాలలో కూరుకున్న సంస్థ 2011లో జీరోను వేలానికి పెట్టింది. అది 7,61,600 యూరోలకు అమ్ముడుపోయింది. ఆ సొమ్ము సంస్థను నిలబెట్టలేకపోయింది. 2014లో బెర్తోనె దివాలా తీసింది. గాండిని 2024 మార్చిలో మరణించాడు. అంతకు రెండు నెలల ముందే ట్యూరిన్ పాలిటెక్నిక్ ఆయనకు గౌరవ పట్టా ఇచ్చింది.

కట్టిన చేతులు పోయాయి, పనిశాల మూతపడింది. రేకును సాగగొట్టి తీర్చిన ఆ గీత మాత్రం చెక్కుచెదరకుండా ఉంది. ముక్కు నుంచి నడినెత్తి దాకా, ఎక్కడా విరగకుండా.