ఇంటనుండియే అంతర్జాలముద్వారా అదనపు రాబడి

సేద్యపు రాబడి ఋతువులకు లోబడినది. పంట యమ్మిన నెలలో చేతిలో రొక్కమాడును. తక్కిన నెలలలో ఇంటి వెచ్చములు, బిడ్డల చదువులు, మందులు, అప్పులపై వడ్డీలు అన్నియు ఆ రొక్కముమీదనే పడును. ఈ వెలితిని కొంత పూడ్చుటకై మన పెద్దలు పాడిని, కోళ్లను, అప్పడముల వడియముల తయారీని ఉపవృత్తులుగా నుంచుకొనిరి. ఇప్పుడు పల్లెటూళ్లలో సైతము ఇంటింటను ఫోను కలదు. దానిద్వారా ఇంట కూర్చుండియే ధనము సంపాదింపవచ్చునని దినదినమును ప్రకటనలు వచ్చుచున్నవి. వానిలో నిజమెంత, మోసమెంత, రైతు కుటుంబమునకు నిజముగా పనికివచ్చు మార్గములేవి యను సంగతులను సభ్యులకు విశదపఱచుటయే యీ వ్యాసముయొక్క ఉద్దేశము.

ఒక్క మాట మొదటనే చెప్పవలసియున్నది. అంతర్జాలము ఒక పెద్ద సంతవంటిది. వట్టి చేతులతో సంతకు బోయినవాడు వట్టి చేతులతోనే తిరిగివచ్చును. అమ్ముటకు సరుకైనను ఉండవలెను, నేర్పైనను ఉండవలెను. ఈ రెండును లేకయే రాబడి కలుగునని చెప్పువాడు మన సొమ్మునే ఆశించి వచ్చినవాడని గ్రహింపవలెను.

సరుకు నమ్ముట

గోదావరి తీరమందలి ఆత్రేయపురము పూతరేకులకు ప్రసిద్ధి. బియ్యమును నానబెట్టి మెత్తగా రుబ్బి, పలుచని పిండినీళ్లుగా కలిపి, గుడ్డను అందులో ముంచి, క్రింద మంటగల బోర్లించిన కుండమీద పఱచి తీసినచో, కాగితమువంటి రేకు నిలుచును. ఆ రేకులయందు నేయియు, చక్కెరయో బెల్లపు పొడియో చేర్చి మడతపెట్టుదురు. అక్కడి స్త్రీలు ఈ పనిని కుటీరపరిశ్రమగా సాగించుచున్నారు. 2023వ సంవత్సరమున ఈ పూతరేకులకు భౌగోళిక గుర్తింపు లభించినది. ఈ సరుకు తేలికయైనది. పెట్టెలో భద్రముగా సర్దినచో దూరము పోగలదు. పేరు వినినంతనే కొనువాడు గుర్తుపట్టును. ఈ మూడు గుణములను ఒరగల్లుగా నుంచుకొని, మన యింటిలోని సరుకు అంతర్జాలముద్వారా అమ్ముటకు తగునో తగదో పరీక్షించుకొనవచ్చును.

పసుపు, కారము, బెల్లము, కందిపప్పు, కొఱ్ఱలు, రాగులు, వడియములు, అప్పడములు, కారప్పొడులు, ఊరగాయలు ఈ పరీక్షకు నిలుచును. ఆకుకూరలు, పచ్చి కూరగాయలు, పాలు నిలువవు. వానిని దగ్గఱి పట్టణమునందే అమ్ముకొనుట మేలు. గుంటూరు సన్నపు మిరప, తాండూరు కంది, బంగినపల్లి మామిడి మున్నగువానికి భౌగోళిక గుర్తింపు కలదు. అట్టి పేళ్లను ఆ ప్రాంతపు సరుకునకే ఉపయోగింపవలెను గాని, వేఱొకచోట పండినదానికి తగిలించి యమ్మరాదు. అది చట్టవిరుద్ధము.

కొనువారెవరు? ప్రతి గ్రామమునుండియు హైదరాబాదు, బెంగుళూరు, చెన్నపట్టణములకును విదేశములకును పోయి స్థిరపడినవారున్నారు. ఊరి బెల్లపు రుచి, ఊరి పసుపు రంగు వారెఱుగుదురు. తొలుత నమ్మదగిన బేరము వారితోడిదే. సరుకు ఛాయాచిత్రమును, తూకమును, ధరను, సిద్ధమగు తేదీని వాట్సాపునందు తెలిపి, ముందుగా రొక్కము చేరిన పిదప పార్సిలు పంపుట సులభమైన పద్ధతి. పెద్ద వర్తక యాపులద్వారా అమ్మినచో క్రొత్త కొనుగోలుదారులు దొరకుదురు. కాని వారి రుసుములు, తిరిగివచ్చిన సరుకు ఖర్చులు అమ్మువానిపై పడును. 2021 డిసెంబరులో కేంద్రప్రభుత్వ ప్రోత్సాహముతో ఏర్పడిన ఓ.ఎన్.డి.సి. యను వర్తక వ్యవస్థయందు రైతు ఉత్పత్తిదారుల సంఘములు కూడ చేరి అమ్మకములు సాగించుచున్నవి.

లెక్క వేసికొను విధము

అంతర్జాలమున ధర యెక్కువ పలికినదని సంతోషించుటకు ముందు లెక్క చూచుకొనవలెను. ఈ క్రింది అంకెలు ఉదాహరణకై యూహించినవి మాత్రమే. ఎవరి ధరలు వారు వేసికొనవలెను. పసుపుపొడి కిలో ఒక్కింటికి రు. 250లు కొనువాడిచ్చెననుకొందము.

పసుపుకొమ్ముల విలువ — రు. 140
మరపట్టుట, తఱుగు — రు. 15
సంచి, లేబులు — రు. 12
పార్సిలు ఖర్చు — రు. 60
చెడిన, తిరిగివచ్చిన సరుకుకై కేటాయింపు — రు. 10
మొత్తము ఖర్చు — రు. 237

మిగిలినది కిలోకు రు. 13లు మాత్రమే. ఇందులో ఇంటివారి కూలి చేరలేదు. ఆ కొనువాడే నాలుగు కిలోలు ఒక్కసారిగా తెప్పించుకొని, పార్సిలునకు మొత్తము రు. 120లు పట్టినదనుకొందము. అప్పుడు కిలోకు రవాణా రు. 30లే, మిగులు రు. 43లు. సరుకు అదే, ధర అదే. మూటకట్టు విధానము మాత్రమే మారినది. కావున ఒక్కొక్క కిలోగా పంపుటకంటె, పసుపు, కారము, పప్పు కలిపి ఒకే పెట్టెగా పంపుట లాభకరము.

పసుపుకొమ్ములు మన పొలమువే కదా, వాని విలువ యెందుకు వేయవలెనని కొందఱడుగుదురు. ఆ కొమ్ములను మార్కెటుయార్డులో అమ్మినచో వచ్చెడి రొక్కమును మనము వదలుకొనుచున్నాము. ఆ మొత్తమునకు పైన మిగిలినదే ఇంటిపనివలన వచ్చిన రాబడి. ఈ లెక్క వేయనివాడు నష్టమునకే శ్రమపడుచు లాభమని భ్రమపడును.

చట్టము కోరు సంగతులు

ఆహారపదార్థములను తయారుచేసి యమ్మువారు, ఎంత చిన్నవారైనను, 2006వ సంవత్సరపు ఆహార భద్రతా చట్టముక్రింద నమోదు పొందవలెను. నమోదు కాగానే 14 అంకెల సంఖ్య నిత్తురు. దానిని లేబులుమీద ముద్రింపవలెను. సరుకు పేరు, అందు చేరిన పదార్థములు, నికర తూకము, తయారైన తేదీ, ఎంతకాలము నిలుచునో ఆ గడువు, ధర, తయారుచేసినవారి చిరునామా కూడ ఉండవలెను. ఇవి యున్న సంచిని కొనువాడు నమ్మును, లేనిదానిని అనుమానించును.

పూర్వము వర్తక యాపులద్వారా సరుకు నమ్మువారందఱును, వ్యాపారమెంత చిన్నదైనను, జి.ఎస్.టి. నమోదు పొందవలసియుండెడిది. 1-10-2023 మొదలు ఆ నిబంధన సడలింపబడినది. పరిమితికి లోపల వ్యాపారముగల చిన్నవారు ఒక నమోదు సంఖ్యను మాత్రము తీసికొని, తమ రాష్ట్రములోపల అట్టి యాపులద్వారా అమ్మవచ్చును. వానిద్వారా ఇతర రాష్ట్రములకు అమ్మదలచినవారికి జి.ఎస్.టి. నమోదు తప్పదు. మఱొక సంగతి: సేద్యపు రాబడికి ఆదాయపు పన్ను మినహాయింపు కలదు గాని, ఊరగాయలవలనను చలనచిత్రములవలనను వచ్చు రాబడి సేద్యపు రాబడిగా లెక్కకు రాదు. దానికి వేఱుగ చిట్టా వ్రాయవలెను.

నేర్పు నమ్ముట

సరుకు లేకున్నను నేర్పుగలవారికి కొన్ని పనులు కలవు. చదువుకొన్న కోడండ్రు, కూతుండ్రు సాయంకాలములందు దూరపు బిడ్డలకు తెలుగు, గణితము ఫోనుద్వారా బోధింపవచ్చును. కుట్టుపని, అల్లికపని తెలిసినవారు నమూనాల చిత్రములు పంపి ఆర్డర్లు తీసికొనవచ్చును. యంత్రములకు భారతీయ భాషలు నేర్పుటకై వాక్యములను చదివించి కంఠధ్వనిని సేకరించు పని యొకటి యిటీవల ఏర్పడినది. బెంగుళూరులో 2021లో స్థాపింపబడిన కార్య యను లాభాపేక్షలేని సంస్థ ఇట్టి పనిని గ్రామీణులకు ఫోనుద్వారా ఇచ్చి కూలి చెల్లించుచున్నది. ఇది శాశ్వతమైన పని కాదు, ఉన్నన్ని దినములుండును. అయినను స్వభాషయే పెట్టుబడిగాగల పని యగుటచే గమనింపదగినది.

యూట్యూబునందు చలనచిత్రములు ప్రదర్శించుటను గుఱించి యువకులకు ఉత్సాహము మెండు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లికి చెందిన గంగవ్వ, పొలములలో కూలిపని చేసికొనుచుండి, ‘మై విలేజ్ షో’ ద్వారా తెలుగువారికెల్ల పరిచితురాలైనది. ఆమె ప్రతిభ వెనుక కథ కట్టువారు, చిత్రీకరించువారు, కూర్చువారు గల బృందమొకటి కలదని మఱువరాదు. నిబంధనలును కఠినములే. ప్రకటనల రాబడిలో భాగము పొందుటకు 1,000 మంది చందాదారులును, గడచిన 12 నెలలలో 4,000 గంటల వీక్షణమును ఉండవలెను. లేదా 90 దినములలో పొట్టి చిత్రములకు ఒక కోటి వీక్షణములు కలుగవలెను. నిడివి చిత్రముల ప్రకటనల రాబడిలో నూటికి 55 వంతులు తయారుచేసినవారికి చెందును. ఖాతాలో 100 డాలర్లు కూడినగాని చెల్లింపు జరుగదు. కావున సేద్యపు పద్ధతులను, వంటలను చూపగలవారు ప్రయత్నింపవచ్చును గాని, ఈ రాబడిని నమ్మి అప్పుచేసి విలువైన పరికరములు కొనుట తగదు. అట్టి చిత్రములవలన మన సరుకునకు పేరు వచ్చినచో అదియే మొదటి లాభముగా నెంచవలెను.

మోసముల తీరు

ఇంటనుండి పని యను పేర జరుగు మోసములు ఎన్నియో కుటుంబముల కూడబెట్టిన సొమ్మును హరించుచున్నవి. వాని నడక దాదాపు ఒక్కటే. తెలియని సంఖ్యనుండి సందేశము వచ్చును. చలనచిత్రములను మెచ్చుకొనినను, హోటళ్లకు మంచి గుర్తులు వేసినను కూలి యిత్తుమందురు. మొదట నూఱో నూటయేబదియో రూపాయలు నిజముగానే పంపుదురు. ఇది గాలపు ఎఱ. పిమ్మట పెద్దపనికి ముందుగా రు. 1,000లు కట్టుమందురు; దానిని కొంత పెంచి తిరిగి యిత్తురు. నమ్మకము కుదిరిన తరువాత పదివేలు, ఏబదివేలు అడుగుదురు. ఫోనులో లక్షలు నిలువ యున్నట్లు అంకెలు కనబడును గాని చేతికి రావు. తీసికొనబోయినచో పన్ను కట్టుమనియు, జరిమానా కట్టుమనియు మఱల లాగుదురు.

అక్షరములు కూర్చు పని యిత్తుమని ఒప్పందము వ్రాయించుకొని, తప్పులున్నవని నెపము పెట్టి, వకీలు నోటీసు పంపి బెదరించి సొమ్ము లాగువారును కలరు. మనము సరుకు నమ్మునప్పుడు, కొనువాడనని చెప్పుకొని ఒక గుర్తుబొమ్మను పంపి, దీనిని తెఱచి రహస్యసంఖ్య నొత్తినచో మీకు సొమ్ము చేరునని చెప్పువారు మఱికొందఱు. సభ్యులు దీనిని కంఠస్థము చేయవలెను: సొమ్ము పుచ్చుకొనుటకు రహస్యసంఖ్య నొత్తవలసిన పని యెన్నడును లేదు. ఒత్తినచో సొమ్ము మన ఖాతానుండి పోవును.

బ్యాంకు ఖాతాను కొన్ని దినములు అద్దెకిచ్చినచో కమీషను ఇత్తుమను మాట అన్నిటికంటె ప్రమాదకరము. ఆ ఖాతాలో పడునది మోసపోయిన మఱొకరి సొమ్ము. ఖాతా స్తంభింపజేయబడును, అందు పంట సొమ్మున్నను అందదు, పోలీసు కేసు ఖాతాదారునిపైననే పడును.

మోసము జరిగినదని తెలిసినంతనే, సిగ్గుపడి దాచక, 1930 సంఖ్యకు ఫోను చేయవలెను, బ్యాంకునకును తెలుపవలెను. సొమ్ము ఖాతానుండి ఖాతాకు మారుచుండును గాన, ఎంత త్వరగా తెలిపిన అంతగా నిలుపుదల చేయుటకు వీలు కలుగును. ఇంటివారు తిట్టుదురని రెండుదినములు ఊరకుండుటయే దొంగకు మేలుచేయును.

సంఘము చేయదగిన సహాయము

ఒక్క కుటుంబము ఒంటరిగా పైపనులన్నియు చేయుట కష్టము. లేబులు ముద్రణ, నమోదు, పార్సిళ్లు, కొనువారితో ఉత్తరప్రత్యుత్తరములు ఇవన్నియు భారములే. పదిమంది సభ్యురాండ్రు కలిసి ఒకే పేరుతో, ఒకే తూకముతో, ఒకే నాణ్యముతో సరుకు తయారుచేసి, వారమునకొక దినమున పార్సిళ్లన్నియు కట్టి పంపినచో ఖర్చు తగ్గును, పేరు నిలుచును. ఒకరి సంచిలో పురుగు కనబడినను పదిమంది పేరు చెడును గనుక, పరస్పర పరీక్షయు జరుగును. సహకారమనగా నిదియే.

ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములను గణనయంత్రములతో నడుపు పథకము 2022లో మంజూరైనది. 2023 ఫిబ్రవరిలో జరిగిన ఒప్పందము ననుసరించి అట్టి సంఘములు సామాన్య సేవా కేంద్రములుగా కూడ పనిచేయవచ్చును. ఈ సౌకర్యముగల సంఘములలో నమోదుల దరఖాస్తులను అక్కడనే పంపించుకొనవచ్చును. గణనయంత్రము తెలిసిన గ్రామయువకులకు, యువతులకు ఈ పనియే కొంత జీవనాధారము కాగలదు.

సభ్యులు మూడు నియమములను పాటించిన చాలును. మొదటిది, ముందుగా సొమ్ము కట్టుమనిన పనిని ముట్టరాదు. సందేహమున్నచో కట్టుటకు ముందు సంఘ కార్యదర్శిని అడుగవలెను, కట్టిన తరువాత కాదు. రెండవది, అప్పు చేయక, ఇంటనున్న సరుకులో కొద్దిపాటితో మొదలుపెట్టి, ఒక పంటకాలము లెక్కలు వ్రాసి చూడవలెను. మూడవది, వచ్చిన రాబడిని వేఱు ఖాతాలో వేసి, దానినుండియే వ్యాపారము పెంచవలెను. ఇట్లు సాగినవారికి రాబడి మెల్లగా వచ్చును, కాని వచ్చినది నిలుచును. ఆసక్తిగల సభ్యులును సభ్యురాండ్రును తమ సరుకు నమూనాను, వ్రాసిన ఖర్చుల లెక్కను తీసికొని రాబోవు సర్వసభ్య సమావేశమునకు వచ్చినచో, ఏ సరుకుతో ప్రారంభింపదగునో అందఱును కలిసి నిర్ణయించుకొనవచ్చును.