నాణ్యతా నియంత్రణ: అన్నిటికీ ఒక పరీక్ష, కొన్నిటికి మరొకటి

ఎలక్ట్రిక్ టూత్‌బ్రష్‌లు తయారుచేసే ఫ్యాక్టరీలో ప్రతి బ్రష్‌నూ ఆన్ చేసి, మోటారు తిరుగుతోందో లేదో చూడవచ్చు. కాని అది ఎన్నాళ్ళు మన్నుతుందో తెలియాలంటే అరిగేదాకా నడపాలి. అలా నడిపిన బ్రష్ అమ్మకానికి పనికిరాదు. అందుకే మొదటి పరీక్ష అన్నిటికీ, రెండవది కొన్ని నమూనాలకు మాత్రమే చేస్తారు.

ఓటింగ్ యంత్రాల తనిఖీలోనూ ఈ విభజన కనిపిస్తుంది. ఢిల్లీలో అశోకా రోడ్‌లోని నిర్వాచన్ సదన్ ఎన్నికల సంఘం కార్యాలయం. దానికి యంత్రాలు తయారుచేసేవి హైదరాబాద్‌లోని ఈసీఐఎల్, బెంగళూరులోని బీఈఎల్. ఎన్నికలకు ముందు ఈ సంస్థల ఇంజనీర్లు, రాజకీయ పక్షాల ప్రతినిధుల సమక్షంలో, ప్రతి యంత్రాన్నీ తనిఖీ చేస్తారు. పనిచేయనివాటిని పక్కన పెడతారు. ఆ తరువాత 5 శాతం యంత్రాలకు కఠిన పరీక్ష: 1 శాతంపై 1200, 2 శాతంపై 1000, మిగిలిన 2 శాతంపై 500 నమూనా ఓట్లు వేస్తారు. యంత్రం చూపిన లెక్క వీవీప్యాట్ చీటీలతో సరిపోవాలి.

ఇక్కడ అడ్డంకి అరుగుదల కాదు, సమయం. అన్నిటిపైనా వేయి ఓట్లు వేయడం సాధ్యం కాదు.

అయితే నమూనా మొత్తం సరుకు గురించి చెబుతుందే గాని, మన బూత్‌లోని యంత్రం గురించి హామీ ఇవ్వదు. కాబట్టి పోలింగ్ రోజున ప్రతి బూత్‌లో, ఏజెంట్ల ఎదుట, కనీసం 50 నమూనా ఓట్లు వేసి, లెక్క చూసి, వాటిని తుడిచివేశాకే పోలింగ్ మొదలుపెడతారు.

బ్రష్ చెడిపోతే దుకాణంలో మార్చుకోవచ్చు. ఓటు వేసి ఇంటికి వెళ్ళిన వారందరినీ మళ్ళీ రప్పించడం అంత తేలిక కాదు. పొరపాటుకు చెల్లించవలసిన మూల్యం ఎంత పెద్దదో, పరీక్షలు అన్ని అంచెలుగా ఉండాలి.