యాస ఎక్కడుంటుంది?

కథలో పాత్రది తెలంగాణ అని చూపించాలంటే చాలామంది మొదట చేసే పని, దొరికిన మాట ముందల్లా 'గ' తగిలించడం. "గిట్ల గీడికి గిప్పుడెందుకొచ్చినవ్?" అని రాసేసి యాస కుదిరిందనుకుంటారు. ఆ ప్రాంతపు పాఠకుడికి అది వెక్కిరింపులా వినిపిస్తుంది. 'గట్ల', 'గిట్ల' అక్కడ వాడుకలో ఉన్నవే, కానీ వాక్యానికి మూడేసి పడవు.

యాసకు అసలు పట్టు క్రియ చివర ఉంటుంది. కోస్తాలో 'వచ్చాడు', తెలంగాణలో 'వచ్చిండు', రాయలసీమలో 'వచ్చినాడు', శ్రీకాకుళం వైపు 'వొచ్చినాడు'. ఇంతవరకూ అందరికీ తెలిసిందే. చిక్కల్లా ఆ తర్వాతే. తెలంగాణలో నేనైతే 'వచ్చిన', నువ్వైతే 'వచ్చినవ్', వాళ్లయితే 'వచ్చిన్రు'. రేపటి మాటకు 'వస్త', 'చేస్త'. ఈ వరస మొత్తం చెవికెక్కకపోతే రెండో వాక్యానికే పాత్ర కోస్తాకు వెళ్లిపోతుంది.

హైదరాబాద్ నుంచి ఆలస్యంగా ఇల్లు చేరిన కొడుకుతో కరీంనగర్ వైపు తల్లి అంటుంది: "పొద్దుగాల బయలెల్తనంటివి, ఇప్పుడా వచ్చుడు? తిన్నవా బిడ్డా?" ఇందులో మాట ముందు తగిలించిన 'గ' ఒక్కటీ లేదు. 'అంటివి', 'వచ్చుడు' అన్న రెండు రూపాలే ఊరు చెప్పేస్తున్నాయి. అంతలో ఫోన్ మోగితే అదే కొడుకు "వస్తున్నాను సార్, రేపు పొద్దున్నే ఆఫీసులో ఉంటాను" అంటాడు. మనిషి ఒకడే, ఎదుటివాణ్ణి బట్టి మాట మారింది. చాలా కథల్లో పాత్రలు ఇంట్లోనూ ఆఫీసులోనూ ఒకే యాస మాట్లాడటం నాకు ఎప్పుడూ నమ్మబుద్ధి కాదు.

గురజాడ 1897లో అచ్చువేసి, 1909లో పెంచి తిరగరాసిన 'కన్యాశుల్కం' నాటకం ఈ విషయంలో ఇప్పటికీ బడిలాంటిది. అందులో మనుషులు చాలావరకు విజయనగరం ప్రాంతం వాళ్లే, మాట మాత్రం ఎవరిది వారిదే. గిరీశం తన శిష్యుడు వెంకటేశంతో మాట్లాడే తీరు వేరు, అతని అక్క బుచ్చమ్మతో మాట్లాడే తీరు వేరు.

ఇంకో సంగతి గట్టిగా చెప్పాలి. కూలివాడు నోరు విప్పితే 'సెప్పు', 'ఎల్తన్నా' అని పలికినట్టే రాస్తారు. అదే ఊరి మాస్టారు కూడా మాటల్లో 'వెళ్తన్నా' అంటాడు, రాతలో మాత్రం ఆయనకు 'వెళ్తున్నాను' అని దిద్దిపెడతారు. ఇది యాస రాయడం కాదు, పేదవాడి మాట తప్పని చూపించడం. పలికినట్టు రాయదలిస్తే ఇద్దరిదీ అలాగే రాయాలి.

పనిముట్ల పేర్లు, పొలం మాటలు కావాలంటే భాషావేత్త భద్రిరాజు కృష్ణమూర్తి 1962లో తెచ్చిన 'మాండలిక వృత్తి పదకోశం' మొదటి సంపుటం ఉంది. వ్యవసాయానికి సంబంధించిన మాటలు ఏ ప్రాంతంలో ఎలా ఉన్నాయో అందులో దొరుకుతాయి. క్రియల వరస కోసం మాత్రం పాత్రది ఏ ఊరో ఆ ఊరి బస్సులో కూర్చుని, పక్కవాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకునేది వినాలి. మనతో మాట్లాడేది సరిపోదు, కొత్తవాళ్లతో మాట్లాడేటప్పుడు వాళ్లు తమ మాటను సగం దాచేస్తారు.