నవలను ప్రశ్నిస్తూ చదవడం: 'అసమర్థుని జీవయాత్ర' ఆధారంగా

గోపీచంద్ (1910–1962) రాసిన 'అసమర్థుని జీవయాత్ర' మీద వచ్చే జవాబు పత్రాల్లో ఒక వాక్యం తరచుగా కనిపిస్తుంది: సీతారామారావు అసమర్థుడు, పలాయనవాది. వాక్యం తప్పు కాదు. కానీ అందులో సగం నవల పేరే చెప్పింది, మిగతా సగం గైడు చెప్పింది. విద్యార్థి నవల చదివాడని తెలిపే మాట ఒక్కటీ లేదు. కౌన్సెలింగ్ తరగతులు కొద్ది రోజులే ఉంటాయి కనుక, తరగతిలో అధ్యాపకుడు వేసే ప్రశ్నలు మీకు మీరే వేసుకోవాలి.

మొదటిసారి కలం పట్టకుండా చివరిదాకా చదవండి. కథ తెలిస్తే చాలు.

రెండోసారి చదివేటప్పుడు నోటుబుక్కులో పేజీ మధ్య నిలువుగా గీత గీయండి. ఎడమవైపు జరిగిన విషయం, పుట సంఖ్య. కుడివైపు ఒకే ప్రశ్న: ఎందుకు? ఈ ప్రశ్న ఈ నవలకు పరాయిది కాదు. ఎందుకని అడగడం నేర్పిన తన తండ్రి త్రిపురనేని రామస్వామి చౌదరికే గోపీచంద్ దీన్ని అంకితమిచ్చారు. ఇప్పుడు నవలలోని తండ్రిని చూడండి. ఆయన చనిపోతూ కొడుక్కి చెప్పింది వంశప్రతిష్ఠ నిలబెట్టమని. ఈ ఇద్దరు తండ్రులనూ పక్కపక్కన రాసుకుంటే ఒక సందేహం కలగాలి. సీతారామారావు ఆస్తి కరిగించుకోవడం ఔదార్యమా, తండ్రి మాట దాటలేని భయమా? దీనికి జవాబు గైడులో వెతక్కండి.

ఈ నవలలో అంతకంటే కష్టమైన ప్రశ్న మరొకటుంది: ఇది ఎవరి మాట? కథకుడు బయటినుంచి చెబుతున్నాడా, సీతారామారావు తనకు తాను సర్దిచెప్పుకుంటున్నాడా? భార్య ఇందిర గురించి అతను అనుకునేవాటిని రచయిత తీర్పుగా తీసుకుంటే, ఆమె పాత్ర మీద మీరు రాసేదంతా పక్కదారి పడుతుంది. పెన్సిలుతో అంచున కథకుడి మాటకు 'క', సీతారామారావు మాటకు 'సీ' అని గుర్తు పెట్టండి. కొన్నిచోట్ల తేల్చుకోలేరు. అక్కడ రెండూ పెట్టండి. నా అనుభవంలో మంచి జవాబుకు ముడిసరుకు దొరికేది అలాంటి చోట్లే.

ప్రతి ప్రకరణం పూర్తయ్యాక పుస్తకం మూసి, గుర్తున్నది అరపేజీ రాయండి. తర్వాత పుస్తకం తెరిచి సరిచూసుకోండి. వారం తర్వాత మళ్లీ రాయండి. చదువుతున్నప్పుడు అర్థమైనట్టే ఉంటుంది, కలం పట్టాకగానీ ఏది నిలవలేదో తెలియదు. ఉద్యోగం చేస్తూ చదివేవారికి, పదిసార్లు తిరగేయడం కంటే ఇదే తక్కువ సమయంలో అయ్యే పని.

ఇక జవాబు. ముందు మీ అభిప్రాయం ఒక వాక్యంలో చెప్పండి. దాన్ని బలపరిచే రెండు సంఘటనలు చూపండి. దానికి అడ్డువచ్చే సంఘటన ఒకటైనా చర్చించండి. చాలామంది ఈ మూడోది వదిలేస్తారు, మార్కులు పోతాయని భయం కాబోలు. నేను దిద్దిన పత్రాల్లో దానికే ఎక్కువ మార్కులు వేశాను.

అభ్యాసం: ఇందిర కనిపించే ఒక సన్నివేశం తీసుకుని, 'క', 'సీ' గుర్తులు పెట్టి, అదే సన్నివేశాన్ని ఆమె వైపునుంచి పది వాక్యాల్లో రాయండి.